గేదెలు మేసిన చేను గుర్రానికి సరిపోతుందా?

హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్ కట్టుకున్నవాళ్ళలో గుర్రాన్ని పెంచుకోవాలని ముచ్చటపడేవాళ్ళు కనిపిస్తుంటారు. రాజస్థాన్ నుంచో గుజరాత్ నుంచో మార్వారీ గుర్రాన్నో కఠియావాడీ గుర్రాన్నో తెప్పించుకుంటారు. తెచ్చే ముందు ఎక్కువమంది అనుకునే మాట ఒకటే. స్థలం ఉంది, గడ్డి ఉంది, చుట్టూ కంచె ఉంది, మొన్నటిదాకా గేదెలు హాయిగా మేశాయి, ఇంకేం కావాలి?

చాలా కావాలి. పశువుల్ని మేపడం మనకు తరతరాలుగా వచ్చిన విద్య. గుర్రం దగ్గరికొచ్చేసరికి ఆ విద్యే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పాడి గేదెకు బలమిచ్చే గడ్డి గుర్రం ఎముకల్ని గుల్ల చేయగలదు. మేకలు ఎగబడి తినే ఆకు దాని తోకను బోడి చేస్తుంది. గేదెను ఆపే ముళ్ళతీగ గుర్రం కాలి నరాన్ని తెంపేస్తుంది. అందుకని పొలంలో పని మొదలుపెట్టే ముందు ఆ జంతువు శరీరం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. తర్వాత చేసే ప్రతి పనికీ కారణం అక్కడే ఉంది.

నెమరు వేయని కడుపు

ఆవు, గేదె, మేక తిన్న మేత ముందు పెద్ద పొట్టలోకి వెళ్ళి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో పులుస్తుంది. మేతలో ఉన్న కొన్ని విషాలను కూడా ఆ సూక్ష్మజీవులే విరిచేస్తాయి. ఒంటికి పట్టేది ఆ తర్వాతే. గుర్రానికీ మేత పులిసే ఏర్పాటు ఉంది కానీ అది వెనక భాగంలో, చిన్నపేగు దాటిన తర్వాత ఉంటుంది. అంటే మేతలోని మంచీ చెడూ ముందు చిన్నపేగులోంచి ఒంట్లోకి వెళ్ళిపోతాయి, సూక్ష్మజీవుల వంతు ఆ తర్వాత వస్తుంది.

పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. గొంతు గొట్టం పొట్టలోకి దిగే చోట కండరం అంత బిగువుగా ఉంటుంది. తినకూడనిది తింటే అది పేగుల దారినే పోవాలి, మధ్యలో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. గుర్రాలు పెంచేవాళ్ళు కోలిక్ అనే కడుపునొప్పికి అంతగా భయపడేది ఇందుకే.

పళ్ళలోనూ తేడా ఉంది. ఆవుకు పై వరసలో ముందుపళ్ళు ఉండవు, నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది. గుర్రానికి పైనా కిందా ముందుపళ్ళున్నాయి, కాబట్టి గడ్డిని మొదలంటా కొరికేస్తుంది. వదిలేస్తే రోజుకు 14 నుంచి 16 గంటలు మేస్తూనే ఉంటుంది. కాసేపు మేసి, చెట్టు కింద పడుకుని నెమరు వేసుకునే గేదెకు సరిపోయిన చేను దీని నోటికి నెలలోపే నున్నగా తయారవుతుంది.

ఏ గడ్డి వేయాలి

మన దగ్గర పచ్చిమేత అంటే ముందు గుర్తొచ్చేది నేపియర్. కో-4, సూపర్ నేపియర్ కణుపులు పాతితే ఏళ్ళ తరబడి కోసుకోవచ్చు, పాడి రైతుకు అది వరం. గుర్రానికి మాత్రం దాన్నే ముఖ్య మేతగా పెట్టకూడదు. నేపియర్‌లో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విరిచేస్తాయి. గుర్రం చిన్నపేగులో అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, ఆ కాల్షియం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. మేతలో ఆక్సలేట్ అర శాతం దాటినా, కాల్షియం ఆ ఆక్సలేట్‌లో సగానికి తగ్గినా జాగ్రత్తపడాలి.

లోటు పూడ్చుకోవడానికి ఒళ్ళు ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది. నెలలు గడిచాక గుర్రం బిగుసుకుపోయినట్టు నడుస్తుంది. ఇవాళ ఒక కాలు కుంటుతుంది, వారం తర్వాత ఇంకో కాలు. తర్వాత ముఖం ఎముకలు రెండు పక్కలా ఉబ్బుతాయి. డాక్టర్లు దీన్ని బిగ్ హెడ్ అంటారు. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు, ఎందుకంటే ఎముకల్ని కరిగించి మరీ ఒళ్ళు ఆ మట్టాన్ని నిలబెడుతుంది. దీనికి మన ఇళ్ళలో ఇంకో అలవాటు తోడవుతుంది, తవుడు పెట్టడం. తవుడులో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. పొద్దున బకెట్ నిండా తవుడు, సాయంత్రం మోపు నేపియర్ పెట్టి, గుర్రాన్ని బాగా చూసుకుంటున్నామని సంతోషపడే ఇంట్లోనే ఈ జబ్బుకు దారి పడుతుంది. అంజన్ గడ్డి, సెటేరియా, పారాగడ్డి, గినీగడ్డి కూడా ఆక్సలేట్ విషయంలో అనుమానించాల్సినవే. వాటిలో ఏదైనా కొద్దిగా పెడుతుంటే పక్కన లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత ఉండాలి. లూసర్న్‌లో కాల్షియం దండిగా ఉంటుంది.

రెండో సమస్య పచ్చిజొన్న. లేత జొన్న, వానలు లేక గిడసబారిన జొన్న తిని పశువులు చనిపోతాయని మన రైతులకు బాగా తెలుసు. అది సైనైడ్ పని. పైరు ముదిరితే భయం లేదనేది పశువుల లెక్క. గుర్రాన్ని జొన్నలోనో సుడాన్ గడ్డిలోనో వారాల తరబడి మేపితే మూత్రం బొట్టుబొట్టుగా కారిపోవడం, వెనక కాళ్ళు తూలడం మొదలవుతాయి, చాలా గుర్రాలు మళ్ళీ కోలుకోవు. కోతకోతకీ చిగురించే ఎస్ఎస్‌జీ (జొన్న, సుడాన్ గడ్డి సంకరం) లాంటి మల్టీకట్ రకాలు కూడా ఈ కోవలోవే. బాగా ఎండిన జొన్న చొప్పతో ఈ బెడద ఉండదు.

మరి ఏం వేయాలి? నన్నడిగితే ముందు గరిక అంటాను. వినాయకచవితికి పిల్లలు కోసుకొచ్చే ఆ గరికే. ఆక్సలేట్ తక్కువ, గిట్టల తొక్కుడుకు తట్టుకుంటుంది, మొదలంటా కొరికినా మళ్ళీ చిగురిస్తుంది, గుర్రాలు ఇష్టంగా తింటాయి. పొలం గట్ల మీద దాన్ని పీకలేక రైతులు విసిగిపోయేది దేనికో, గుర్రపు పొలానికి అది పనికొచ్చేదీ అందుకే. జూన్‌లో తొలకరి పడ్డాక నేల దున్ని, కణుపులున్న గరిక తీగల్ని నాటి, మొదటి వానాకాలమంతా గుర్రాన్ని అందులోకి దించకుండా ఓపిక పట్టాలి. నీటి వసతి ఉంటే ఒక మడిలో రోడ్స్ గడ్డి కూడా వేసుకోవచ్చు, దానిలోనూ ఆక్సలేట్ తక్కువే.

గట్టు మీద ఏముందో చూడండి

గడ్డి కంటే ఎక్కువ భయపెట్టేవి చుట్టూ ఉన్న మొక్కలు. ఫామ్‌హౌస్ అనగానే గేటు నుంచి ఇంటిదాకా రెండు వైపులా గన్నేరు పెట్టేస్తారు. నీళ్ళు పోయకపోయినా పూస్తుంది, పశువులు ముట్టవు. గన్నేరు ఆకులు కొద్దిపాటివి చాలు, గుర్రం గుండె లయ తప్పి కూలిపోవడానికి. పచ్చగా ఉన్నప్పుడు చేదుకు వదిలేసినా, కత్తిరించి పడేశాక ఎండిన ఆకుల్ని గడ్డితో పాటు తినేస్తుంది. ఎండినా విషం పోదు. గుర్రాన్ని తెచ్చే ముందే గన్నేరును వేళ్ళతో సహా తీసేయాలి. పచ్చగన్నేరుకూ ఇదే మాట.

ఆముదం, అడవి ఆముదం, ఉమ్మెత్త, లాంటానా కూడా ఏరేయాల్సినవే. ఆముదం గింజల విషానికి గుర్రం మిగతా పశువుల కంటే తొందరగా లొంగిపోతుంది. పచ్చిరొట్ట కోసం వేసే జనుమును కోస్తాలో పశువులకు మేతగా కూడా పెడతారు. ఆ జాతి మొక్కల్లోని విషం గుర్రం కాలేయాన్నీ ఊపిరితిత్తుల్నీ దెబ్బతీస్తుంది, గింజలు పట్టిన జనుము దగ్గరికి దాన్ని పోనివ్వకూడదు. వయ్యారిభామ గుర్రం రుచికి నచ్చదు కానీ గడ్డిని మింగేస్తుంది, కాబట్టి పూత రాకముందే పీకేయడం మేలు. పల్లేరు ముళ్ళు నోట్లోనూ గిట్టల దగ్గరా గుచ్చుకుంటాయి.

సుబాబుల్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎక్కడ చూసినా ఉంటుంది, మేకలకు ప్రాణం, మాంసకృత్తులు మెండు. ఆ ఆకులోని మైమోసిన్ అనే పదార్థాన్ని విరిచే సూక్ష్మజీవులు అలవాటుపడిన పశువుల పొట్టలో ఉంటాయి. గుర్రానికి ఆ రక్షణ లేదు. కొన్ని వారాలు తింటే జూలు, తోక వెంట్రుకలు చేతితో దువ్వగానే కుచ్చులుగా ఊడొస్తాయి, గిట్టల మీద కూడా గీతలు పడతాయి. చూసినవాళ్ళు చర్మవ్యాధి అనుకుని నూనెలు రాస్తుంటారు. మందు రాసే ముందు గట్టు మీద సుబాబుల్ ఉందేమో చూడాలి.

మొక్కలతో పాటు పక్క పొలం కూడా లెక్కలోకి వస్తుంది. పక్కన పత్తి ఉంటే పురుగుమందు, గట్ల మీద గడ్డిమందు గాలికి ఇటు కొడతాయి. పిచికారీ రోజు ముందే చెప్పమని పక్క రైతుతో మాట్లాడుకోవాలి, ఆ వైపు కొన్ని గజాలు మేపకుండా వదిలేయాలి. దగ్గర్లో కోళ్ళఫారాలుంటే కోళ్ళ ఎరువు చవగ్గా వస్తుంది. అది గుర్రం మేసే పొలానికి వద్దు. కోళ్ళ దాణాలో కలిపే మొనెన్సిన్ లాంటి మందులు కోడికి మేలు చేస్తాయి, గుర్రం గుండె కండరాన్ని చంపేస్తాయి. ఎరువులో చచ్చిన కోళ్ళ అవశేషాలుంటే బోటులిజం అనే, ఒళ్ళు చచ్చుబడే విషజబ్బు భయం ఒకటి. మొనెన్సిన్ భయంతోనే కోళ్ళ దాణా బస్తాలను, కొన్ని పశువుల దాణాలను గుర్రం తల దూర్చగలిగే చోట పెట్టకూడదు. లాన్ కత్తిరించిన గడ్డిని కుప్పగా తెచ్చి వేయడం ఇంకో ప్రేమతో చేసే పొరపాటు. ఆ కుప్ప గంటల్లో వేడెక్కి పులుస్తుంది, గుర్రం నమలకుండా మింగేస్తుంది.

కంచె

గేదె కంచె దగ్గరికొచ్చి ఆగుతుంది, ముల్లు గుచ్చుకుంటే వెనక్కి జరుగుతుంది. గుర్రం భయపడితే ముందు పరుగెత్తుతుంది, తర్వాత చూస్తుంది. పటాకుల చప్పుడు, డీజే, తరుముకొచ్చే కుక్కలు, ఏదైనా సరే. పరుగులో ముళ్ళతీగ కంటికి ఆనదు. కాలు తీగలో పడితే గేదెలా నిలబడదు, లాక్కుంటుంది. మోకాలి కింద గుర్రం కాలికి కండ ఉండదు, చర్మం కింద కండను ఎముకకు కలిపే నరాలు (టెండన్లు), ఎముక మాత్రమే. తీగ కోస్తే నేరుగా నరానికే దిగుతుంది. మానేటప్పుడు ఆ చోట దుర్మాంసం పెరిగి గాయం నెలల తరబడి మూసుకోదు.

ఖర్చు ఎక్కడైనా తగ్గించండి కానీ ముళ్ళతీగ మాత్రం వద్దు. సరిహద్దు మీద ఇప్పటికే ఉంటే, తీయడం కుదరకపోతే, దానికి ఆరేడు అడుగులు లోపలగా ఇంకో కంచె వేయాలి. మన దగ్గర రాతి కడీలు తేలిగ్గా దొరుకుతాయి, చెదలు పట్టవు, మంచివే. వాటికి సరుగుడు కర్రలో లావాటి పైపులో లోపలి వైపు బిగించాలి. అప్పుడు గుర్రం పరుగెత్తుతూ రాసుకున్నా కడీ అంచు భుజానికి తగలదు. ఎత్తు నాలుగున్నర నుంచి ఐదు అడుగులు. మూలలు కోసుగా కాకుండా గుండ్రంగా తిప్పితే, రెండు గుర్రాలున్న చోట బలహీనమైనది మూలలో చిక్కుకుని తన్నులు తినదు. చెయిన్‌లింక్ జాలీ వాడితే కంతల్లో గిట్ట దూరకుండా ఉండాలి.

సోలార్ కంచె మంచి ఏర్పాటు. సన్న తీగ బదులు వెడల్పాటి తెల్ల టేపు వాడితే గుర్రానికి దూరం నుంచే కనిపిస్తుంది. ఆ యంత్రం సెకనుకో ఒకటిన్నర సెకనుకో ఒక్కసారి చిన్న షాక్ పంపిస్తుంది, అందుకే ప్రాణానికి ముప్పు ఉండదు. ఎండాకాలం ఎర్రనేల బాగా ఎండిపోయి ఎర్తింగ్ పట్టదు, కంచె పనిచేయడం మానేస్తుంది. ఎర్త్ రాడ్ దగ్గర రోజూ ఒక బిందె నీళ్ళు పోయాలి. అడవిపందుల కోసం కొందరు చేసినట్టు మోటారు కరెంటును నేరుగా తీగకు కలపడం నేరం. ఊళ్ళలో మనుషులు అలా చచ్చిపోతున్నారు.

గేటు 12 అడుగులుంటే ట్రాక్టరూ పడుతుంది, డాక్టరు బండీ పడుతుంది. గుర్రం పళ్ళతో గడియ తీయడం నేర్చుకుంటుంది కాబట్టి గొలుసు కూడా వేయాలి. మన పాత పద్ధతిలో గుర్రాన్ని ముందూ వెనకా కట్టే అగాడీ పిచ్చాడీ తాళ్ళతో పొలంలో వదలకూడదు. కట్టేసిన గుర్రం బెదిరిందంటే ఆ తాడే కాలిని విరుస్తుంది.

నేల, నీళ్ళు

నల్లరేగడి అయితే రెండు కష్టాలు. వానాకాలం బురద గిట్టకు అంటుకుని లాడాలు ఊడబెరుకుతుంది, గిట్ట మెత్తబడి కుళ్ళు వాసన మొదలవుతుంది. ఎండాకాలం గిట్ట దిగిపోయేంత నెర్రెలు పడతాయి. అలాంటి నేలలో గేటు దగ్గర కొంత చోటు ఎత్తు చేసి మొరం పోసి విడిగా ఒక దొడ్డి కట్టుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో, నెర్రెలు విచ్చిన నెలల్లో గుర్రం అక్కడుంటుంది. ఎర్ర చెల్కల్లో నీరు నిలవదు, అది హాయి. కానీ ఇసుక ఎక్కువ. గడ్డి పొట్టిబడ్డాక గుర్రం వేళ్ళతో పాటు ఇసుక కూడా మింగుతుంది, అది పెద్దపేగులో బరువుగా పేరుకుంటుంది. దీన్ని కనిపెట్టడానికి తేలిక ఉపాయం ఉంది. తాజా లద్ది ఐదారు ఉండలు, నేలకు తగలని పైభాగం నుంచి తీసి, ప్లాస్టిక్ గ్లౌజులో వేసి నీళ్ళు పోసి బాగా కలిపి వేలాడదీయండి. పావుగంటలో వేళ్ళ కొనల్లో ఇసుక దిగితే నేల మీద మేత పెట్టడం ఆపి, తొట్టిలో పెట్టాలి, డాక్టరుకు చెప్పాలి.

పొలంలో పాత బావి ఉంటే గోడ కట్టాలి, ఎండిన బోరు గుంతను కాంక్రీటుతో మూయాలి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన మేకులు, బైండింగ్ వైరు ముక్కలు, టెంట్‌హౌస్ వాళ్ళు వదిలేసిన తీగలు ఏరడానికి దున్నిన తర్వాత ఒకసారి, మొదటి పెద్ద వాన వెలిశాక ఇంకోసారి వరసగా నడవాలి. వాన కడిగాక ఇనుము పైకి తేలుతుంది. గుర్రం ధనుర్వాతానికి తొందరగా దొరికిపోయే జంతువు, గిట్టలో దిగిన చిన్న మేకు చాలు. టీటీ, రేబిస్ టీకాలు పొలంలో వదలకముందే వేయించాలి.

నీళ్ళు రోజుకు 25 నుంచి 50 లీటర్లు, మే నెలలో ఇంకా ఎక్కువ. నల్గొండ లాంటి చోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, పశువుల పళ్ళూ ఎముకలూ దెబ్బతింటాయి. నీటి పరీక్ష చేయించడం చిన్న ఖర్చే. తొట్టి అంచులు నున్నగా ఉండాలి, నీడ పట్టున ఉండాలి, వారానికోసారి పాచి గీకి కడగాలి. బయటి గుర్రాలను, బరాత్‌కు వచ్చిపోయే వాటిని ఆ తొట్టిలో తాగనివ్వద్దు. గ్లాండర్స్ అనే జబ్బు అలా పాకుతుంది, మనుషులకూ వస్తుంది. దానికి రక్తపరీక్ష హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో చేస్తారు. కొత్త గుర్రాన్ని కొనేటప్పుడు ఆ రిపోర్టు అడిగి తీసుకోవాలి.

పాములు, జోరీగలు

గుర్రానికి ఏదైనా కొత్తగా కదిలితే తల వంచి వాసన చూసే గుణం ఉంది. రక్తపింజరి ఎక్కువగా కాటేసేది ఆ ముక్కు మీదే. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కే దిక్కు. విషం ఒంటికి ఎక్కేలోపే ముక్కుపుటాలు వాచి మూసుకుపోతాయి. అందుకే డాక్టర్లు ముందు ముక్కులోకి గొట్టం దూర్చి గాలి దారి నిలబెడతారు, ఆ తర్వాతే విరుగుడు ఎక్కిస్తారు. మనుషులకు పాముకాటుకు వేసే ఆ విరుగుడు తయారయ్యేదీ గుర్రం రక్తం నుంచే. కంచె వారన రాళ్ళ కుప్పలు, కట్టెల మోపులు, ఎలుకలు చేరే దాణా చోటు లేకుండా చూసుకుంటే పాములు సగం తగ్గుతాయి.

వానాకాలంలో జోరీగలు సర్రా జబ్బును మోస్తాయి. 1880లో ఇప్పటి పాకిస్తాన్‌లోని డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో ఆ జబ్బు తెచ్చే క్రిమిని గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. గుర్రానికి జ్వరం వచ్చిపోతూ ఉంటుంది, తింటూనే చిక్కిపోతుంది, కాళ్ళకూ పొట్ట కిందా నీరు చేరుతుంది. వైద్యం అందకపోతే బతకడం కష్టం. ఆ క్రిమి గేదెల్లో తరచుగా ఏ లక్షణమూ లేకుండా ఉండిపోతుంది. పక్క కొట్టంలోని ఆరోగ్యంగా కనిపించే గేదె నుంచి ఈగ దాన్ని మోసుకొస్తుంది. గుర్రపు కొట్టం గేదెల కొట్టానికి వీలైనంత దూరంగా కట్టుకోవాలి.

ఎంత పొలం, ఎలా మేపాలి

400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండు మేత కావాలి. పచ్చిగడ్డిలో మూడొంతులకు పైగా నీరే, కాబట్టి అదే లెక్క పచ్చిగడ్డిలో 30, 40 కిలోలవుతుంది. మంచి గడ్డి ఉన్న రెండెకరాలు వానాకాలంలో ఒక గుర్రానికి సరిపోతాయి. నీటి వసతి లేకపోతే సంక్రాంతి తర్వాత ఆ పొలం తిరగడానికే, మేత బయటి నుంచి రావాల్సిందే. ఒక్క వరిగడ్డి మీదే నెట్టుకురావడం మంచిది కాదు, పేగుల్లో అడ్డం పడుతుంది. అరెకరమే ఉన్నవాళ్ళు రోజుకు మూడు నాలుగు గంటలు వదిలి, మిగతా సమయం ఎండుగడ్డి పెడితే పొలమూ మిగులుతుంది, గుర్రమూ బాగుంటుంది.

ఉన్న పొలాన్ని టేపు కంచెతో మూడు నాలుగు మడులు చేసి, గడ్డి మూడు అంగుళాలకు దిగగానే పక్క మడికి మార్చాలి. మేసిన మడికి వానాకాలంలో మూడు నాలుగు వారాల విశ్రాంతి చాలు. లద్దిని వారానికి రెండుసార్లు ఎత్తి దూరంగా కుప్ప వేయాలి. పురుగుల పిల్లలు లద్ది నుంచి గడ్డి కొసలకు పాకేలోపే అది బయటికి పోతుంది. మందులు తాగించడం కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఇక్కడ ఆవు పనికొస్తుంది. గుర్రం కడుపులో పెరిగే పురుగులు చాలావరకు ఆవులో బతకవు, ఆవువి గుర్రంలో బతకవు. గుర్రం మేసి వదిలిన మడిలో, అది లద్ది వేసి ముట్టని పొడవు గడ్డిని ఆవు మేస్తే, నేల మీది పురుగు పిల్లలు దాని కడుపులో అంతమవుతాయి. జోరీగల కాలంలో మాత్రం వద్దు. వానలు వెనకబట్టి చలి మొదలయ్యాక ఆవును దించవచ్చు. గుర్రం ఒంటరిగా ఉంటే కంచె వెంట అటూఇటూ తిరుగుతూ సకిలిస్తుంది, తోడుగా ఇంకో గుర్రం లేకపోతే మేకైనా ఉండాలి.

మొదటిరోజు గుర్రాన్ని పగటిపూట తాడుతో కంచె మొత్తం చుట్టూ తిప్పి, తెల్ల టేపును, గేటును, తొట్టిని చూపించాలి. ఎండుగడ్డి పెట్టి కడుపు నిండాక అరగంట మాత్రమే మేయనివ్వాలి. తర్వాత రోజుకు కొంచెం పెంచుతూ రెండు వారాల్లో పూర్తి సమయానికి తీసుకురావాలి. ఎండుమేతకు అలవాటుపడిన పెద్దపేగు సూక్ష్మజీవులు పచ్చిమేతకు మారడానికి అంత టైమ్ పడుతుంది. తొలకరి తర్వాత గడ్డి ఒక్కసారిగా ఎగదన్నినప్పుడు కూడా ఇదే పద్ధతి. మెడ మీద కొవ్వు పేరుకున్న గుర్రమైతే ఇంకా నెమ్మదిగా అలవాటు చేయాలి, గిట్టలు వేడెక్కి, ముందుకాళ్ళ మీద బరువు మోపడానికి వెనకాడుతుంటే అదే రోజు పొలంలోంచి తీసేసి డాక్టరును పిలవాలి. ఆ రెండు వారాలూ లద్ది ఎన్నిసార్లు వేసింది, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని గుర్రాన్ని చూసుకునే సయీసు చేత ఒక పుస్తకంలో రాయించండి. లద్ది తగ్గడం, పక్క డొక్కల వైపు తిప్పి చూసుకోవడం, నేల మీద పొర్లడం కనిపిస్తే మేత ఆపేసి ఫోన్ చేయాలి.